కాఫీ కథ: నిషేధం పానీయానికా, సంభాషణకా?

"కబుర్లతో కాలహరణం" అనే మాట విద్యార్థుల చెవికి కొత్తది కాదు. క్యాంటీనులో నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చొని పావుగంట మాట్లాడుకుంటే చాలు, పెద్దల కనుబొమలు ముడివడుతాయి. ఈ శంక నేడు పుట్టినది కాదు. దాని వయస్సు ఐదువందల సంవత్సరాలకు పైమాటే. కాఫీ చరిత్ర ఇందుకు సాక్ష్యం.

కాఫీ చెట్టుకు పుట్టినిల్లు ఇథియోపియా నైరుతి ప్రాంతపు కొండ అడవులు. దాని గింజలతో పానీయం కాచి సేవించే ఆచారం చరిత్రలో స్పష్టంగా కానవచ్చేది మాత్రం 15వ శతాబ్దపు యెమెన్‌లో. రాత్రివేళ దైవస్మరణలో లీనమయ్యే సూఫీలు నిద్రను జయించడానికి దానిని త్రాగేవారు. ఉర్దూ మిత్రులకు సుపరిచితమైన 'ఖహ్వా' అనే అరబ్బీ పదమే తురుష్క భాష ద్వారా ఐరోపాకు చేరి 'కాఫీ' అయినది. 1558 ప్రాంతంలో కాఫీపై గ్రంథం రచించిన అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ ఒక చక్కని దృశ్యాన్ని నమోదు చేశాడు. కైరోలోని అల్ అజ్‌హర్‌లో, యెమెన్‌వారి విభాగంలో, సోమ, శుక్రవారాల రాత్రులు సూఫీలు సమావేశమయ్యేవారు. పెద్ద ఎర్రమట్టి పాత్రలోని కాఫీని వారి పెద్ద చిన్న గరిటెతో ముంచి ఒక్కొక్కరికీ అందించేవాడు. అనగా కాఫీ ఆది నుండీ నలుగురు కలసి త్రాగే పానీయమే.

చిక్కు వచ్చినదీ అక్కడనే. 1511లో మక్కా నగరంలో ఖైర్ బేగ్ అనే అధికారి, రాత్రివేళ మసీదు సమీపాన గుమికూడి కాఫీ త్రాగుతున్నవారిని చూచి, పండితుల సభ జరిపి, పానీయాన్ని నిషేధించాడు. కాని కైరో నుండి వచ్చిన సుల్తాను ఆజ్ఞ కాఫీని పూర్తిగా నిషేధించలేదు. దాని పేరిట జరిగే గోష్ఠులనే తప్పుపట్టినది. పాలకుల మనస్సులోని అసలు భయం ఈ ఒక్క ఆజ్ఞతో బయటపడినది.

అటుపిమ్మట కథ పదేపదే పునరావృతమైనది. ఇస్తాంబుల్‌లో 1554–55 ప్రాంతంలో అలెప్పో, డమాస్కస్‌ల నుండి వచ్చిన ఇద్దరు వర్తకులు కాఫీ గృహాలు తెరిచారు. కవులు, ఉద్యోగులు, చదరంగం ఆడేవారు అక్కడ చేరారు. 1633లో సుల్తాను నాలుగవ మురాద్ వాటిని మూయించాడు. లండన్‌లో తొలి కాఫీ గృహం 1652లో వెలసినది. ఒక పెన్నీ చెల్లించినవారెవరైనా అక్కడ కూర్చొని వార్తలు వినవచ్చు, వాదించవచ్చు. 1675 డిసెంబరులో రెండవ ఛార్లెస్ రాజు, ప్రభుత్వాన్ని నిందించే వదంతులు అక్కడ పుడుతున్నాయని ఆరోపించి, వాటిని మూసివేయవలసినదిగా ప్రకటించాడు. ప్రజల నిరసనతో ఆ ప్రకటన అమలులోకి రాకముందే వెనుకకు తీసుకొనవలసి వచ్చినది. మక్కా, ఇస్తాంబుల్, లండన్: మతములు వేరు, భాషలు వేరు, భయం ఒక్కటే. అది కాఫీ చేదుకు కాదు, మనుషుల కలయికకు.

అయితే ఈ కథకు చీకటి ముఖం కూడ ఉన్నది. ఐరోపావారు కాఫీ త్రాగుతూ స్వేచ్ఛను గూర్చి చర్చిస్తున్న కాలంలోనే, ఆ కాఫీని పండించినవారిలో అసంఖ్యాకులు బానిసలు. 1780ల చివర ప్రపంచపు కాఫీలో సుమారు సగం ఫ్రెంచి వలస అయిన సెయింట్ డొమింగ్ నుండి వచ్చేది. అక్కడి బానిసలు 1791లో తిరుగుబాటు చేశారు. కాఫీ సాగులో అగ్రగామి అయిన బ్రెజిల్‌లో 1888 వరకు బానిసత్వం రద్దు కాలేదు. కప్పు పట్టినవాని మాట వినబడినది. గింజ కోసినవాని మాట వినబడలేదు. ఎవరు లేరో గమనించని సంభాషణ సగం సంభాషణయే.

మన దేశానికి కాఫీని తెచ్చినది బాబా బుడన్ అనే సూఫీ సాధువని ఐతిహ్యం. హజ్ యాత్ర ముగించుకొని వస్తూ ఆయన ఏడు గింజలను తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని చెబుతారు. ఆయన పేరిట వెలసిన ఆ కొండలను ముస్లిములూ హిందువులూ దర్శిస్తూ వచ్చారు. నేడు మన అరకు లోయలో ఆదివాసి రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచటనైనా గింజ కోసినవాని ఊరి పేరు కప్పు వరకు చేరినందుకు సంతోషించాలి.

ఇక మన సంగతి. ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి ఆరంభమై నడుమ కలుసుకుంటాయి. కాని క్యాంటీనులో ఉర్దూ మిత్రుల బల్ల వేరు, తెలుగు మిత్రుల బల్ల వేరు. కాగితంపై కలసిన మనం బల్ల వద్ద ఎందుకు కలువరాదు? వారానికి ఒక సాయంకాలం, ఒక గంట, ఒక విషయంపై ఇరుభాషల విద్యార్థులు కలసి మాట్లాడుకునేందుకు క్యాంటీనులో ఒక బల్లను కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారికి సవినయ మనవి. ఎన్నడూ నోరు విప్పని మిత్రుని పిలిచి కూర్చోబెట్టే బాధ్యత మాది.

అది కాలహరణమని మరల ఎవరైనా శంకిస్తే, రాజులు, సుల్తానులు సైతం అట్లే శంకించారనీ, వారి నిషేధాలు పోయినా ఆ గోష్ఠులు నిలిచాయనీ సవినయంగా గుర్తుచేయగలము.