చౌకగ ఇస్తున్నరంటే అప్పు అడుగుతున్నట్టే

హైదరాబాద్‌ల నాలుగు పైసలు కూడబెట్టుకున్నోళ్లకు ఏదో ఒకరోజు ఆ ఫోన్ వస్తది. ‘‘అన్నా, మార్కెట్ల ఎస్‌ఎఫ్‌టీ 7 వేలున్నది. ఇది ప్రీలాంచ్, నీకు 4,500కే ఇప్పిస్త. కాకుంటే మొత్తం ఒక్కసారే కట్టాలె.’’ 1,200 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాట్‌కు లెక్కేస్తే 30 లక్షలు మిగులుతయి. ఇంటి మీద మొదటిసారి పెట్టుబడి పెట్టేటోళ్లు ఇక్కడ్నే పడిపోతున్నరు.

బిల్డర్ 30 లక్షలు ఊకెనే ఎందుకు వదులుకుంటడు? ఇండ్ల ప్రాజెక్టు కోసం జాగ కొనేతందుకు బ్యాంకులు బిల్డర్లకు అప్పియ్యొద్దని రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉన్నది. అందుకే ఆ పైసలు మన తాన తీసుకుంటున్నడు. బ్యాంకు అయితే కాయితాలు చూస్తది, జమానత్ అడుగుతది. మనం ఏదీ అడగం. ఆయన ఇచ్చేది డిస్కౌంట్ కాదు, మన అప్పుకు వడ్డీ. అది కూడా ఇల్లు లేస్తేనే దక్కుతది.

చట్టం లేక కాదు. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల కన్నా ఎక్కువ జాగల గాని, 8 ఫ్లాట్ల కన్నా ఎక్కువ గాని కట్టేటోళ్లు రిజిస్టర్ చేసుకోకుండ అమ్మొద్దు, బుకింగ్ తీసుకోవద్దు, ప్రకటన కూడా ఇయ్యొద్దు. సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు ధరల 10 శాతానికి మించి తీసుకోవద్దు. కొన్నోళ్లు కట్టిన దాంట్ల 70 శాతం ఆ ప్రాజెక్టు ఖర్చుకే వేరే ఖాతాల ఉండాలె. ప్రీలాంచ్‌ల వీటికి ఒక్కదానికీ దిక్కులేదు.

‘‘యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేసిస్తం’’ అంటే కూడా ధీమా పడొద్దు. పర్మిషన్ రాకముందే జాగల విడదీయని వాటా రాసిస్తరు. చేతికొచ్చేది ఫ్లాట్ కాదు, వందల మందితో పొత్తు. బిల్డర్ మధ్యల చేతులెత్తేస్తే ఆ వాటాను విడిగ అమ్ముకునుడు కష్టం. అమీన్‌పూర్ ప్రాజెక్టు పేరుతోటి ప్రీలాంచ్ పైసలు వసూలు చేసిన కేసుల ఒక కంపెనీ ఎండీని 2022 డిసెంబర్‌ల పోలీసులు అరెస్ట్ చేసిన్రు. అరెస్టు వేరు, పైసలు తిరిగొచ్చుడు వేరు.

సక్కగ కొనేటోళ్లు కూడా లెక్క చూసుకోవాలె. కడుతున్న ఫ్లాట్ 80 లక్షలనుకుందాం. జీఎస్టీ 5 శాతం అంటే 4 లక్షలు, మున్సిపల్ ఏరియాల రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం అంటే 6 లక్షలు. మొత్తం 90 లక్షలు. 60 లక్షలు లోన్ తీసుకుంటే ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏండ్లు నెలకు 52 వేల ఈఎంఐ. కిరాయి 25 వేలొచ్చినా, నెలకు 27 వేలు జేబుల నుంచి పోవాలె. ధర పెరుగుతదన్న ఆశ మీదనే ఈ భారం మోస్తం. ఆ ఆశ రెండేండ్లు ఆలస్యమైనా తట్టుకునే తాకత్ ఉంటేనే దిగాలె. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాట్ కొంటే జీఎస్టీ ఉండదు, కిరాయి వెంటనే మొదలైతది.

పైసలిచ్చేముందు రెరా నంబర్‌ను వెబ్‌సైట్ల మీరే చూసుకోండ్రి. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కు చూపియ్యండ్రి. జాగ చెరువు ఎఫ్‌టీఎల్‌ల, బఫర్‌ల ఉన్నదేమో చూడండ్రి. 2024ల హైడ్రా వచ్చినంక ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు.

అయితే బాధ్యత అంతా కొనేటోడి మీదనే ఏసుడు న్యాయం కాదు. రిజిస్టర్ కాని ప్రాజెక్టుకు ఖర్చు అంచనాల 10 శాతం దాకా జరిమానా ఏయొచ్చు. ఫిర్యాదు రాకున్నా విచారణ చేసే అధికారం రెరాకు ఉన్నది. ప్రీలాంచ్ ఫ్లెక్సీ కట్టినరోజే నోటీస్ పోవాలె. జనం పైసలు మునిగినంక ఇచ్చే ఆర్డర్‌తోటి ఇల్లు లేవదు.