ఒక్క హెచ్ చాలు

మా వీధి చివర ఉండే ఇంజినీరింగు కుర్రాడు మొన్న ఫోను నా చేతికిచ్చి, "సార్, ఇదేం కంపెనీయో చదవండి" అన్నాడు. చదివాను. లోకమంతా ఎరిగిన ఒక అమెరికా కంపెనీ పేరు. స్పెల్లింగు సరిగ్గానే ఉంది, చివర డాట్ కామ్ కూడా ఉంది. "అందులో 'ఎ' ఉంది చూడండి, అది మన 'ఎ' కాదు సార్, రష్యా వాళ్ళ 'ఎ'" అని నవ్వాడు. పేరు కింద సన్నటి అక్షరాల్లో 'ఎక్స్‌ఎన్', రెండు అడ్డగీతలు, ఆపైన అర్థంపర్థం లేని అక్షరాల వరస. దాని పక్కన అప్పటిదాకా పాడిన ధర, పాట ముగియడానికి మిగిలిన సమయం. అది ఆన్‌లైన్ వేలంపాట. "ఇట్లాంటి పేరు ఎవరికి పనికొస్తుందప్పా?" అని అడిగితే, "ఇన్వెస్ట్‌మెంట్ సార్" అన్నాడు.

ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. ఎదుటివాడి పేరులా కనిపించే పేరు కొని దాచుకోవడం ఏ రకం పెట్టుబడి? అసలు కంపెనీకి దానితో పనిలేదు, దాని పేరు దానికుంది. మీకూ నాకూ అక్కర్లేదు. అక్కరకొచ్చేది ఇద్దరికే. కంపెనీ భయపడి ఎంతైనా ఇచ్చి కొనుక్కుంటుందని కాచుకూర్చున్నవాడు ఒకడు. ఆ పేరు మీద నకిలీ లాగిన్ పేజీ తెరిచి మన పాస్‌వర్డు కాజేసేవాడు రెండోవాడు. మొదటివాడిది బెదిరింపు బేరం, రెండోవాడిది దొంగతనం. వేలం పెట్టినవాడు మాత్రం ఎవరు గెలిచినా కమిషన్ తీసుకుని పెద్దమనిషిగా చలామణి అవుతున్నాడు. మన ఐటీ చట్టంలో 66డి సెక్షన్ ఉంది. కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ళ దాకా జైలు. అది మోసం జరిగాక మోసగాడికి. ఆ పేరు అతని చేతిలో పెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. కంప్యూటరుకు అక్షరమంటే ఆకారం కాదు, ఒక సంఖ్య. ఇంగ్లీషు 'ఎ'కు ఒక సంఖ్య ఉంటే, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే రష్యన్ 'ఎ'కు వేరే సంఖ్య. ఇజ్రాయెల్ పరిశోధకులు ఇద్దరు మైక్రోసాఫ్ట్ పేరులో రష్యన్ అక్షరాలు దూర్చి నిజంగానే రిజిస్టరు చేయించి, ఇలా మోసం జరగబోతోంది చూసుకోండని 2002లోనే పత్రం రాశారు. 2017లో ఇంకో పరిశోధకుడు ఆపిల్ పేరును మొత్తం రష్యన్ లిపి అక్షరాలతోనే కూర్చి చూపించాడు. క్రోమ్ బ్రౌజరు కూడా దాన్ని అసలు పేరులాగే చూపింది, ఆ తర్వాతే మేలుకుని సరిచేసుకుంది. ఆ కుర్రాడి ఫోనులో కనిపించిన ఎక్స్‌ఎన్ వరస కూడా అలాంటి పేరు అసలు రంగే. కానీ కొనేవాడికి దాన్ని చూపించి అమ్మేది, చివరికి దాన్ని చూడనివాణ్ణి ముంచడానికే.

ఇదంతా పరాయి లిపుల గొడవ కదా అనుకోవద్దు. లిపులు ఎంత దగ్గరగా ఉంటాయో మా అనంతపురం వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మడకశిర దాటి రొళ్ళ, అమరాపురం వైపు వెళ్తే ఇంట్లోనూ కన్నడమే, బడిలోనూ కన్నడమే. బళ్ళారి బస్సు బోర్డును మా రాయదుర్గం వాళ్ళు కన్నడం నేర్చుకోకుండానే సగం చదివేస్తారు. ఒకప్పుడు రెండు భాషలకూ లిపి ఒకటే. విడిపోయి కొన్ని వందల ఏళ్ళయినా అ, ఇ, జ, ర, ల వంటివి ఇప్పటికీ కవలలే. యూనికోడ్ పట్టికలో మాత్రం తెలుగు 'అ'కూ కన్నడ 'అ'కూ మధ్య సరిగ్గా 128 గళ్ళ దూరం. ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థకు ఈ చిక్కు తెలుసు. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపుల కోసం ఒక నిపుణుల బృందం కూర్చుని, తెలుగు కన్నడాల్లో ఒకేలా కనిపించే అక్షరాలను జతలు జతలుగా రాసిపెట్టింది. 2019లో ఆ నియమాలు వెలువడ్డాయి. ఒక లిపిలో పేరు ఇచ్చాక, రెండో లిపిలో దాని కవల పేరును ఇంకొకరికి ఇవ్వకూడదు. బాగానే ఉంది. కానీ ఈ నియమాలు పేరు చివర, చుక్క తర్వాత వచ్చే ముక్కకే. చుక్కకు ముందున్న ముక్కను ఎలా అమ్మాలన్నది చాలావరకు ఆయా రిజిస్ట్రీల చేతిలోనే ఉంది. జనం చదివేది, మోసపోయేది ఆ ముందు ముక్క చూసే.

అయితే తెలుగులో ఆ మోసానికి ఇంకా సమయం రాలేదు. కారణం మన జాగ్రత్త కాదు. తెలుగు లిపిలో డాట్ భారత్‌కు 2011లోనే ఆమోదం దొరికింది. ఇన్నేళ్ళలో ఏ పాసుపుస్తకం మీదైనా, ఏ ప్రభుత్వ వాల్‌పోస్టరు మీదైనా తెలుగు అక్షరాల్లో రాసిన వెబ్‌సైటు అడ్రసు చూశారా? నేను చూడలేదు. మన రైతుకు ఇచ్చే అడ్రసులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఆ అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి మోసం చేయడానికి రష్యా దాకా వెళ్ళే ఓపిక ఎవడికుంటుంది?

తిరుమల సంగతే తీసుకోండి. 2023 ఏప్రిల్‌లో టీటీడీ ఒక నకిలీ సైటు మీద ఫిర్యాదు చేసింది. అప్పట్లో అసలు సైటు అడ్రసు తిరుపతి బాలాజీ, చుక్క, ఏపీ, చుక్క, జీఓవీ, చుక్క, ఐఎన్. దొంగ సైటులో మొదటి రెండు చుక్కల చోట అడ్డగీతలు, చివర డాట్ ఓఆర్‌జీ. అంతే తేడా. టీటీడీ లెక్కలో అది 41వ నకిలీ సైటు. దర్శనం టికెట్లు అయిపోతాయేమోనన్న ఆత్రంలో ఉన్న భక్తుడు చుక్క ఎక్కడుందో గీత ఎక్కడుందో చూస్తాడా? అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది. ఆ భక్తుడికి టీటీడీ ఇన్నాళ్ళూ నేర్పిందేమిటి? ఏళ్ళ తరబడి టికెట్లు అమ్మింది 'టీటీడీ సేవా ఆన్‌లైన్ డాట్ కామ్' మీద. ఎవరైనా పది పదిహేను డాలర్లకు కొనుక్కోగలిగే రకం డాట్ కామ్. 2020లో ప్రభుత్వ అడ్రసుకు మారింది. 2024 జనవరిలో దాన్నీ మార్చి 'టీటీదేవస్థానమ్స్' అంది. ఏడుకొండలవాడి పేరు యుగాలుగా మారలేదు కానీ ఆయన అడ్రసు నాలుగేళ్ళలో రెండుసార్లు మారింది.

ఒక్క అక్షరం మోసం మీద కోర్టులు మాట్లాడలేదా అంటే, మాట్లాడాయి. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవేకు 'సిఫీ' పేరుతో సైట్లు ఉండేవి. ఇంకో కంపెనీ ఆ పేరులో ఒక 'ఎఫ్' అదనంగా వేసి తన సైటు పెట్టుకుంది. ఐదుగురు ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపితే అలా వచ్చిందని దాని వాదన! బెంగళూరు సివిల్ కోర్టు సత్యం వైపు, కర్ణాటక హైకోర్టు అవతలి వైపు తీర్పిచ్చాయి. చివరికి 2004 మేలో సుప్రీంకోర్టు సత్యాన్ని గెలిపించి, డొమైన్ పేరుకు కూడా వ్యాపార నామానికి ఉన్నట్టే రక్షణ ఉంటుందని తేల్చింది. నా మాట ఏమిటంటే, మూడు కోర్టులెక్కి ఒక 'ఎఫ్'ను తీయించుకునే స్తోమతు సత్యానికి ఉండింది. బోరెండిన రైతు ఏ కోర్టుకెక్కుతాడు?

రైతు మాట ఊరికే అనలేదు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన మాకేనని చిన్నప్పటి నుంచీ చెప్పుకునే జిల్లా ఇది. ఇక్కడ సేద్యమంటే చెనిక్కాయ వేసి మబ్బు వైపు చూడటం, లేదంటే అప్పు చేసి బోరు వేయడం. అలాంటిచోట సోలార్ పంపుసెట్టు అంటే ఎవరైనా చెవి ఒగ్గుతారు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో పంపు ఖర్చుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇచ్చేట్టు పెట్టారు, మిగతాది రైతు వంతు. పథకం వచ్చిందో లేదో, దాని పేరు మీద నకిలీ సైట్లు దిగాయి. రిజిస్ట్రేషన్ ఫీజనీ పంపు ధరనీ ఇవి డబ్బు గుంజుతున్నాయి, నమ్మవద్దని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ పదేపదే ప్రకటనలిచ్చింది. ఆ జాబితా చూస్తే మతి పోతుంది. 'పీఎం కిసాన్ కుసుమ్ యోజన' డాట్ కామ్, అదే పేరు డాట్ కో డాట్ ఐఎన్, 'ఆన్‌లైన్ కుసుమ్ యోజన' డాట్ ఓఆర్‌జీ డాట్ ఐఎన్. వీటిలో రష్యన్ అక్షరం లేదు సరికదా, స్పెల్లింగు తప్పు కూడా లేదు. పథకం పేరే బజార్లో పడి ఉంటే ఎవడో ఎత్తుకుపోయాడు. పోనీ విదేశాల్లో కొన్నాడా? డాట్ ఐఎన్ పేర్ల మీద పెత్తనం నిక్సీది. అది కేంద్ర ఐటీ శాఖ నీడన నడిచే సంస్థే. ఒక శాఖ నీడన అమ్ముడైన పేరు మీద ఇంకో శాఖ హెచ్చరిక! పథకం ప్రకటించే రోజే దాని పేరును, ఆ పేరుకు దగ్గరగా ఉండే నాలుగు రూపాలను అమ్మకానికి పెట్టవద్దని ఒక్క ఉత్తరం రాస్తే పోయేది కదా?

ఇక మా అనంతపురం పేరు. రైల్వే వాళ్ళు ఇంగ్లీషులో ఒకలా రాస్తారు. జిల్లా వెబ్‌సైటులో 'టి' తర్వాత 'హెచ్', చివర 'ఎఎంయు' చేరాయి. దుకాణాల బోర్డుల మీద ఎవరికి తోచినట్టు వాళ్ళు. ఇన్ని స్పెల్లింగులను సర్కారే చలామణిలో పెట్టాక, ఏది అసలు ఏది నకిలీ అని నెట్ సెంటరు కుర్రాడు ఎలా చెప్తాడు? వేరే దేశాల్లో మోసగాడికి వేరే లిపి కావాలి. మా జిల్లాలో ఒక్క హెచ్ చాలు.

స్పెల్లింగు నిలకడ లేకపోతే పోయె, పేర్లకైనా నిలకడ ఉందా? కళ్యాణదుర్గం రోడ్డులో నాకు తెలిసిన నెట్ సెంటరు గోడకు ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. స్కెచ్ పెన్నుతో ఎడమవైపు పథకం పేరు, కుడివైపు అడ్రసు. రాతలకన్నా కొట్టివేతలే ఎక్కువ. రైతు భరోసా మీద గీత, దాని నెత్తిన అన్నదాత సుఖీభవ. రైతు భరోసా కేంద్రంలో 'భరోసా' మీద గీత, 'సేవా' అని చిన్నగా. "ఏం జేయమంటావు సామీ, గవర్నమెంటు మారితే అట్ట మార్చల్ల" అంటాడు ఆ సెంటరాయన. బ్యాంకులూ అంతే. 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అన్నారు. మా పాత ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుకీ పొట్టి పేరు ఏపీజీబీయే, కొత్తదానికీ ఏపీజీబీయే. ఇలా పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య జనం తడబడే ఆ కొన్ని నెలలే మోసగాడికి సుగ్గి. పేరు మార్చిన ప్రతి మంత్రీ అతనికి తెలియకుండానే సాయం చేస్తున్నాడు.

చేయాలనుకుంటే దారి లేక కాదు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఐఎన్' అడ్రసులకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే. అక్కడ వేలంపాట లేదు, ముందొచ్చినవాడిదే పేరన్న బేరం లేదు. నువ్వు బ్యాంకువా కాదా అని చూసి ఇస్తారు. మిగతా పేర్లు అమ్మేచోట ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఏమొచ్చింది? ఈ పేరు నీకెందుకు అని అడిగితే వ్యాపారం పడిపోతుందని తప్ప వేరే కారణం నాకు కనబడదు.

ఇంతా చెప్పాక నా అసలు కోపం బయటపెట్టకపోతే ఈ వారం శీర్షిక పూర్తికాదు. రైతు అసలు వెబ్‌సైటు అడ్రసు ఎందుకు వెతుక్కోవాలి? అతని 1బి, అడంగల్ రెవెన్యూ వాళ్ళ దగ్గరున్నాయి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశాడో ఈ-క్రాప్‌లో ఉంది. మోటారు సర్వీసు నంబరు కరెంటోళ్ళ దగ్గరుంది. ఆధారూ, వేలిముద్రా, బ్యాంకు ఖాతా ఎన్నిసార్లు తీసుకున్నారో వాళ్ళకే తెలియదు. ఇన్నీ దగ్గర పెట్టుకుని, పథకం పేరెత్తగానే "ఆన్‌లైన్‌లో అప్లై చేసుకో పో" అంటారు. ఆ ఒక్క మాటతో అతను పొలం వదిలి టౌనుకొస్తాడు, కౌంటరు ముందు నిలబడతాడు, గూగుల్‌లో ముందు ఏది కనబడితే అదే తెరుస్తాడు. నకిలీ సైటు పెట్టినవాడు ఎదురుచూసేది అక్కడే. తెలియని లింకులు నొక్కవద్దని మెసేజీ పంపేది ప్రభుత్వమే, వారం తిరక్కుండా లింకుతో మెసేజీ పంపేదీ ప్రభుత్వమే. డబ్బు పోయాక సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమని అవగాహన సదస్సు పెట్టేదీ అదే.

అర్హుల జాబితా సర్కారు దగ్గరే ఉన్నప్పుడు, రైతు సేవా కేంద్రం ఉద్యోగి ఆ జాబితా పట్టుకుని గ్రామసభలో పేర్లు చదివితే సరిపోతుంది. ఎవరికి పంపు వచ్చిందో, ఎవరికి రాలేదో, ఎందుకు రాలేదో పదిమంది ముందు తేలిపోతుంది. అక్కడ చుక్క, గీత, హెచ్ గొడవ ఉండదు. రాజకీయ నాయకుల సిఫారసు కూడా నలుగురికీ కనబడుతుంది, బహుశా అందుకే ఆ పని జరగదు. ఆ పని చేసేదాకా, రైతూ నువ్వు జాగ్రత్తగా ఉండు అని ఉపన్యాసమిచ్చే హక్కు ఏ శాఖకూ లేదు.