మజ్జ మార్పిడి గదిలోకి ఇంకో డాక్టరు

మూలకణాల మార్పిడి అంటే కత్తులూ కుట్లూ ఉండే పెద్ద ఆపరేషన్ అనుకుంటారు చాలామంది. తీరా ఆ రోజు వచ్చేసరికి తల్లిదండ్రులు ‘ఇంతేనా?’ అనుకుంటారు. స్టాండుకు ఒక సంచి వేలాడదీస్తారు. చూడ్డానికి రక్తం సంచిలాగే ఉంటుంది. బిడ్డ ఛాతీ దగ్గర అమర్చిన గొట్టం గుండా అది మెల్లగా లోపలికి దిగుతుంది. వార్డు భాషలో అది ‘డే జీరో’. కష్టమంతా ఆ రోజుకు ముందూ వెనకా ఉంటుంది.

ముందు వారం రోజుల పాటు పాత మజ్జను తుడిచిపెట్టేంత మోతాదులో కీమో ఇస్తారు. ఆ తర్వాత కొత్త మజ్జ కుదురుకుని సొంతంగా కణాలు తయారుచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా తెల్లకణాలు దాదాపు ఉండవు. నోటి నుంచి పేగుల దాకా లోపలి పొర పుండు పడుతుంది. ఉమ్మి మింగడం కూడా గగనమవుతుంది. వాంతులు, విరేచనాలు, జ్వరం సరేసరి. వడగట్టిన గాలి వచ్చే గదిలో తోడుగా అమ్మో నాన్నో ఒక్కరే ఉంటారు. దాత కణాలు బిడ్డ చర్మం మీదా పేగుల మీదా కాలేయం మీదా తిరగబడే ప్రమాదం నెలల తరబడి వెంటాడుతుంది.

ఇదంతా ముందే తెలిసిన బాధ. జుట్టు ఎప్పుడు రాలుతుందో, నోరు ఎప్పుడు పుండవుతుందో అనుభవమున్న నర్సులు క్యాలెండర్ చూసి చెప్పగలరు. అలాంటప్పుడు బాధ తగ్గించడమే చదువుగా చదివిన డాక్టరును మార్పిడి తేదీ ఖాయమైన రోజే ఎందుకు పిలవరు? ఆ చదువున్న పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్య) విభాగానికి కబురు వెళ్లేది చాలాచోట్ల ఇక చేయగలిగింది లేదనుకున్నాకే. ఆ కబురు కూడా మొహమాటంగా వెళుతుంది. ఆ విభాగం పేరు వినగానే ‘డాక్టర్లు చేతులెత్తేశారు’ అని ఇంటిల్లిపాదీ కుంగిపోతారని మార్పిడి చేసే వైద్యుల భయం. భయంలో న్యాయం లేకపోలేదు. చివరి గంటలో మాత్రమే కనిపించే డాక్టరును ఎవరైనా యముడి దూతగానే చూస్తారు. కాబట్టి ఆ డాక్టరు మొదటి గంటలోనే కనిపించాలి.

ఇది జాలితో చెప్పే మాట కాదు, ఆధారముంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ అరీజ్ ఎల్ జవాహ్రీ బృందం రక్త క్యాన్సర్లకు మార్పిడి చేయించుకుంటున్న 160 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసింది. ఒక గుంపు దగ్గరికి పాలియేటివ్ నిపుణులు వారానికి కనీసం రెండుసార్లు వెళ్లారు. రెండో గుంపుకు మామూలు వైద్యమే అందింది. ఫలితాలు 2016లో ‘జామా’ పత్రికలో వచ్చాయి. రెండు వారాలు గడిచేసరికి జీవన నాణ్యత అందరికీ పడిపోయింది. అయితే మొదటి గుంపులో ఆ పతనం సుమారు 15 పాయింట్లు, రెండో గుంపులో సుమారు 22. ఆందోళన, దిగులు కూడా మొదటి గుంపులో తక్కువ. ఆరు నెలల తర్వాత చూసినా ఆ గుంపులో దిగులు, ఆస్పత్రి పీడకలల్లాంటి లక్షణాలు తక్కువగానే కనిపించాయి. ఎవరి మార్పిడీ ఆపలేదు, ఎవరి ఆశా తుంచలేదు. నొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం లాంటివాటిని పట్టించుకునే మనిషి ఒకరు అదనంగా వచ్చారు, అంతే.

చిక్కేమిటంటే ఆ 160 మందీ పెద్దవాళ్లు. పిల్లల విషయంలో ఇంత గట్టి ఆధారం పోగుపడలేదు. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం వెనక్కి తిరిగి చూసుకున్న అధ్యయనాలే. బోస్టన్‌లోనే డాక్టర్ జోవాన్ వుల్ఫ్ బృందం క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న 103 కుటుంబాలతో మాట్లాడి 2000లో ప్రచురించిన వ్యాసం ఈ రంగాన్నే కుదిపేసింది. చివరి నెలలో నూటికి 89 మంది పిల్లలు కనీసం ఒక లక్షణంతో తీవ్రంగా బాధపడ్డారని తల్లిదండ్రులు చెప్పారు. నొప్పికి మందు వాడిన పిల్లల్లో అది బాగా పనిచేసింది నూటికి 27 మందికే. అమెరికాలోనే పేరు మోసిన పిల్లల ఆస్పత్రి సంగతి ఇది. మార్పిడి తర్వాత మరణించిన పిల్లల రికార్డులను అదే నగరంలో పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో పాలియేటివ్ బృందం కలిసిన కుటుంబాలతో రోగం ఎటు పోతోందన్న మాట ఎక్కువగా, ముందుగా జరిగిందని తేలింది. ఆ పిల్లలు ఐసీయూలో కన్నుమూయడమూ తక్కువే.

చీటీలు తీసినట్టు గుంపులుగా విడదీసే పరీక్ష పిల్లల మీద పెట్టడం తేలిక కాదు. ఒక్కో కేంద్రంలో మార్పిళ్లు తక్కువ, జబ్బులు రకరకాలు. ఒకరికి లుకేమియా, ఒకరికి తలసీమియా, ఇంకొకరికి పుట్టుకతోనే రోగనిరోధక శక్తి ఉండదు. మూడేళ్ల బిడ్డ నొప్పిని పదికి ఎంత అని ఎలా చెబుతుంది? అందుకే నవ్వు నుంచి ఏడుపు దాకా ఆరు మొహాలు గీసిన వాంగ్-బేకర్ చార్టు పుట్టింది. బొమ్మ మీద వేలు పెడితే చాలు. మాటలు రాని పసివాళ్లకు కాళ్లు ముడుచుకోవడం, ఏడుపు, మొహం చూసి లెక్క వేస్తారు. కష్టమైన పనే, కానీ చేయలేనిది కాదు.

మరి కుటుంబాలు ఒప్పుకుంటాయా? అమెరికాలో 10 నుంచి 17 ఏళ్ల క్యాన్సర్ పిల్లలు 129 మందినీ వాళ్ల అమ్మానాన్నలనూ విడివిడిగా అడిగారు. చికిత్స మొదట్లోనే పాలియేటివ్ బృందం రావడం వద్దన్న పిల్లలు ఇద్దరే. వద్దన్న తల్లిదండ్రులు ఎనిమిది మంది. 2017లో ప్రచురించిన ఈ అంకెలు చూస్తే సంకోచం ఎక్కువగా తెల్లకోటు వైపే ఉందనిపిస్తుంది.

మన ఇళ్లలో ఇంకో ముడి ఉంది. ‘బాబుకు క్యాన్సరని చెప్పకండి సార్’ అనే తండ్రి ప్రతి వార్డులోనూ ఉంటాడు. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే మానవ శాస్త్రవేత్త అమెరికాలో లుకేమియా వార్డు పిల్లల మధ్య గడిపి 1978లో పుస్తకం రాసింది. ఎవరూ చెప్పకపోయినా పిల్లలకు అన్నీ తెలుసని, పెద్దవాళ్లు బాధపడతారని తెలియనట్టు నటిస్తారని ఆమె గమనించింది. బయటికి చెప్పని భయం మజ్జ ఇచ్చే తోబుట్టువుకూ ఉండొచ్చు. సొంత తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోయే అవకాశం నూటికి 25 మాత్రమే. సరిపోతే ఏడేళ్ల చెల్లెలి తుంటి ఎముకలోంచి మజ్జ తీస్తారు. అన్నకు నయం కాకపోతే తన మజ్జ మంచిది కాదేమో అనుకుంటుంది ఆ పిల్ల. ఆమెతో మాట్లాడే పని ఎవరిది? చాలాచోట్ల ఎవరిదీ కాదు.

మన దగ్గర మార్పిళ్లు పెరుగుతున్నాయి. నిమ్స్‌లోనూ హైదరాబాద్ ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ జరుగుతున్నాయి. చిత్తూరు, కడప వైపు నుంచి వెల్లూరు సీఎంసీకి వెళ్లే కుటుంబాలు ఏనాటి నుంచో ఉన్నాయి. ఉపశమన వైద్యానికీ పునాది ఉంది. కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు 1993లో మొదలుపెట్టిన పని కేరళ అంతటికీ పాకింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ బృందం పిల్లల నొప్పిని ప్రత్యేకంగా చూస్తోంది. మార్ఫిన్ విషయంలో మాత్రం మన దేశానిది విడ్డూరమైన కథ. మందుల కోసం చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన కట్టుబాట్లతో మన రోగులకే మార్ఫిన్ అందలేదు. 2014 సవరణతో లైసెన్సుల బెడద తగ్గింది, కానీ మార్ఫిన్ రాయడానికి జంకే డాక్టర్లూ నిల్వ ఉంచని ఫార్మసీలూ ఇంకా ఎక్కువే.

నిపుణులే లేనప్పుడు ప్రతి మార్పిడికీ ఎక్కడి నుంచి తెస్తారని అడగొచ్చు. సరైన ప్రశ్నే. ప్రతి మంచం దగ్గరా నిపుణుడే ఉండనక్కర్లేదు. మార్పిడి నర్సులకు నొప్పి లెక్కగట్టడం, మార్ఫిన్ మోతాదు చూసుకోవడం నేర్పి, చిక్కు కేసులకు ఎంఎన్‌జే లాంటి కేంద్రాన్ని ఫోన్లో అందుబాటులో ఉంచితే సగం పని జరుగుతుంది. మిగతా సగం డబ్బుతో ముడిపడింది. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆరోగ్య పథకాల్లో మార్పిడికి ప్యాకేజీ లెక్కగట్టేటప్పుడు కీమో, గది అద్దె, రక్తం పక్కన ఉపశమన వైద్యుడి రాకకు, సైకాలజిస్టుకు, దాత అయిన తోబుట్టువును కలవడానికి కూడా ఒక వరుస రాయాలి. మొదటి 100 రోజులు శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి ఆస్పత్రి చుట్టుపక్కల గది అద్దెకు తీసుకుని ఉండే కుటుంబానికి రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తే మనిషి ఖర్చు కూడా అందులోనే చేర్చాలి. ఆ డబ్బు తీసుకునే ఆస్పత్రుల నుంచి ప్రతిగా అడగాల్సింది ఒకటుంది: ప్రతి పిల్లవాడి నొప్పి, నిద్ర, తిండి లెక్కలు రోజూ నమోదు చేసి, ఏటా బయటపెట్టడం.