హైవేపై ప్రమాదం.. నెల్లూరులో ఒక పిటిషన్, చెన్నైలో ఇంకొకటి: పరిహారం ఏ కోర్టు తేలుస్తుంది?

జువ్వలదిన్నె నుంచి చేపల లోడుతో చెన్నై వెళుతున్న వ్యాన్‌ను నాయుడుపేట దగ్గర తమిళనాడు లారీ గుద్దింది, డ్రైవర్ చనిపోయాడు అనుకోండి. భార్య నెల్లూరు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం పిటిషన్ వేసింది. చెన్నైలో ఇంకో కొడుకు దగ్గర ఉంటున్న అత్తమామలు అక్కడ వేశారు. తప్పు ఎవరిదీ కాదు. ప్రమాదం జరిగిన చోటైనా, బాధిత కుటుంబం ఉండే చోటైనా, ఎదుటి పార్టీ ఉండే చోటైనా పిటిషన్ వేయొచ్చని మోటారు వాహనాల చట్టం 166వ సెక్షనే చెబుతోంది.

చిక్కంతా ఆ తర్వాతే. నెల్లూరు ట్రిబ్యునల్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కింద, చెన్నై ట్రిబ్యునల్ మద్రాసు హైకోర్టు కింద ఉంటాయి. ఒక హైకోర్టు ఇంకో హైకోర్టు పరిధిలోని కేసును తన దగ్గరకు రప్పించుకోలేదు. (1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా నెల్లూరు కూడా మద్రాసు హైకోర్టు కిందే ఉండేది. అప్పుడైతే ఈ గొడవే లేదు.) రెండు కేసులను ఒకచోట చేర్చాలంటే సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాల్సి వచ్చేది. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబం ఢిల్లీలో లాయర్‌ను వెతుక్కోవడమంటే, వచ్చే పరిహారంలో కొంత ముందే వదులుకోవడం.

దీనికి 2022 డిసెంబర్ 15న గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది. వేర్వేరు హైకోర్టుల పరిధిలో పిటిషన్లు పడితే ముందు వేసిందే నిలుస్తుంది. తర్వాత వేసినవి ఆ ట్రిబ్యునల్‌కే బదిలీ కావాలి. అందుకు కుటుంబం సుప్రీంకోర్టుకు రానక్కర్లేదు, హైకోర్టుల రిజిస్ట్రార్ జనరళ్లే చర్యలు తీసుకోవాలి. ఆ ధర్మాసనంలోని ఇద్దరూ మనకు తెలిసినవారే: జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత మన రాష్ట్ర గవర్నర్ అయ్యారు, జస్టిస్ జె.కె. మహేశ్వరి అంతకుముందు మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేశారు.

అదే తీర్పు పోలీసులకూ పని పెట్టింది. ప్రమాదంపై మొదటి రిపోర్టు 48 గంటల్లో, మధ్యంతర రిపోర్టు 50 రోజుల్లో, పూర్తి రిపోర్టు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు చేరాలి. కుటుంబం వేరే చోట పిటిషన్ వేసిందని తెలిస్తే ఆ ఫైలును వెంటనే అక్కడికి పంపాలి.

కాగితం మీద బాగానే ఉంది. మరి చెన్నైలో ఇంకో పిటిషన్ ఉందని నెల్లూరు ట్రిబ్యునల్‌కు ఎలా తెలుస్తుంది? ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకాలంటే ముందు రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోవాలి. మన దగ్గర ఇంటిపేరుతో నమోదైన మనిషి, అక్కడ తండ్రి పేరు ఇనీషియల్‌తో కనిపిస్తాడు. రెండు కేసుల్లోనూ నోటీసు అందేది ఇన్సూరెన్స్ కంపెనీకే. కాబట్టి రెండో పిటిషన్ సంగతి ట్రిబ్యునల్‌కు చెప్పే బాధ్యత కంపెనీపైనే గట్టిగా పెట్టాలి. కుటుంబాన్ని తిప్పడం కంటే అది తేలిక.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే ముందుగా బంధువులంతా మాట్లాడుకుని ఒకే పిటిషన్ వేయండి. సంతకానికి రాని వారసులను ప్రతివాదులుగా చేర్చాలని చట్టమే అంటోంది, వాళ్ల వాటా ఎక్కడికీ పోదు. ఇప్పటికే రెండు పడి ఉంటే, రెండు కేసుల 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్లు, దాఖలు చేసిన తేదీలు రాసి రెండు ట్రిబ్యునళ్లలోనూ మీ లాయర్ ద్వారా మెమో వేయించండి, 2022 తీర్పును అందులో ప్రస్తావించమనండి. ఎఫ్ఐఆర్ తమిళంలో ఉంటే అనువాదం కూడా ముందే సిద్ధం చేసుకోండి.

గడువు మాత్రం మరవొద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే పిటిషన్ వేయాలన్న నిబంధన వచ్చింది. దాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి గానీ, ఆ తీర్పు కోసం ఎదురుచూస్తూ మీరు ఆగకండి.