జీన్ రిపోర్టు చూసి మాత్ర మానకండి

గుండె వాల్వు మార్పించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారికి, ఫిట్స్‌కో డిప్రెషన్‌కో మందు వేసుకుంటున్నవారికి ముందుగా ఈ మాట. ఇంటికి తెప్పించుకున్న కిట్టులో ఉమ్మి పంపితే, ఫోనుకు వచ్చిన రిపోర్టులో ‘ఈ మందు మీకు సరిపడదు’ అని ఉండవచ్చు. దాన్ని పట్టుకుని మాత్ర ఆపొద్దు, మోతాదు మార్చొద్దు. రిపోర్టును మీ డాక్టరు ముందు పెట్టండి, అంతే. ఇది అతి జాగ్రత్త కాదు. ఇలాంటి పరీక్షలను నమ్మి కొందరు డాక్టర్లే మందులను తగని విధంగా మారుస్తున్నారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది.

అలాగని జన్యు వైద్యం బూటకమేమీ కాదు. అది ప్రాణం కాపాడగలదనడానికి తెలుగునాటే గట్టి ఉదాహరణ ఉంది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ వాడతారు. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని కొన్ని నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువే రావడంతో ఆ ఎంజైము పనిచేయదు. అలాంటివారు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. సంగతి ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. తెలియకపోతే వెంటిలేటరే దిక్కు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్ తదితరులు 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రచురించిన పరిశోధన ఈ ఉదాహరణనే చూపింది. దీన్ని ఒక కులం మీద మచ్చగా చూసేవారు ఆ పరిశోధనలోని మిగతా అంకెలు కూడా చూడాలి. దక్షిణాసియాలో పరిశీలించిన 263 సమూహాల్లో 81 ఇలాంటివే. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినవి. ఏ సమూహంలో ఏ లోపం పోగుపడి ఉందో చాలావాటి విషయంలో ఇంకా తేలలేదు.

సక్సినైల్‌కోలిన్ విషయంలో లెక్క సులువు: ఒక జన్యువు, ఒక ఎంజైము, ఒక మందు. రక్తం పలచబడేందుకు ఇచ్చే వార్‌ఫరిన్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. దాని మోతాదు జన్యువులతో పాటు వయసు, బరువు, తినే ఆకుకూరలు, వాడే ఇతర మందుల మీద కూడా ఆధారపడుతుంది. 2013లో రెండు పెద్ద పరిశోధనలు ఒకేసారి వెలువడ్డాయి. జన్యువులు చూసి మోతాదు వేస్తే మేలని యూరప్ పరిశోధన చెప్పింది, తేడా ఏమీ లేదని అమెరికా పరిశోధన తేల్చింది. పైగా అమెరికాలోని నల్లజాతి రోగుల్లో జన్యు లెక్క మామూలు పద్ధతి కన్నా వెనకబడింది. అందుకే వాల్వు వేయించుకున్నవారికి పీటీ-ఐఎన్‌ఆర్ రక్తపరీక్షే నేటికీ ఆధారం.

చెడ్డ రిపోర్టు కన్నా మంచి రిపోర్టంటేనే నాకు ఎక్కువ భయం. కాపెసిటబిన్ వంటి క్యాన్సర్ మందులు కొందరి శరీరంలో విరగక విషమవుతాయి. మొదలుపెట్టే ముందే పరీక్ష చేయాలని యూరప్ ఔషధ సంస్థ 2020లో సూచించింది. మంచి సూచనే. కానీ సాధారణంగా వెతికే నాలుగు జన్యు మార్పులూ ప్రధానంగా యూరప్ జనంలో గుర్తించినవి. అవి లేవని వచ్చినంత మాత్రాన మన రోగికి ముప్పు తప్పినట్టు కాదు. మందు మొదలయ్యాక తీవ్రమైన నోటిపూత, విరేచనాలు, జ్వరం వస్తే రిపోర్టు బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోవద్దు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

జన్యువుల్లోనే మార్పు చేసే చికిత్సల గురించి ఒక్క ముక్క. సికిల్‌సెల్ వ్యాధికి 2023లో అనుమతి పొందిన క్యాస్‌జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు, దానికి ముందు కఠినమైన కీమోథెరపీ తప్పదు. మన ఏజెన్సీ గ్రామాల్లో ఈ వ్యాధి ఉన్న పిల్లలకు ఇప్పుడు అత్యవసరం హైడ్రాక్సీయూరియా మాత్రలు క్రమం తప్పకుండా అందడం.

రెండు పనులు వెంటనే జరగాలి. జన్యు కిట్లు అమ్మేవారు తమ అంచనాలు ఏ దేశపు జనం మీద, ఎంతమంది మీద తేలినవో రిపోర్టు మొదటి పేజీలోనే తెలుగులో రాసేలా ప్రభుత్వాలు నిబంధన పెట్టాలి. ప్రతి ఆస్పత్రీ ఆపరేషన్‌కు ముందు, ‘మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి రావడం ఆలస్యమైందా?’ అని అడిగి, జవాబు రాసుకోవాలి. అవునంటే సక్సినైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును చూసే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించాలి. లోపం బయటపడితే ఆ మనిషితో ఆగకూడదు. తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువు మోస్తున్నవారైతే తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. వారినీ పిలిపించి పరీక్షించాలి.