"మనకు రాదు" అనే ముందు ఈ ప్రశ్నలు చూడండి

పోస్ట్ కొంచెం పెద్దదే, చివరిదాకా చదవండి.

"సాఫ్ట్‌వేర్ మనకు రాదు తమ్మీ, కానిస్టేబులో గ్రూప్-2నో చూసుకో" అని మొన్న ఒక అన్న ఇక్కడే రాసిండు. గవర్నమెంట్ ఉద్యోగం తక్కువని నేను అంటలేను. ఆ "మనకు రాదు" మీదనే నా కొట్లాట.

మా హాస్టల్ల చదివిన ఒక అన్న ఏడేండ్ల నుంచి డేటా పని చేస్తున్నడు. పోయిన నెల హన్మకొండల రూంల కూర్చొని సీనియర్ డేటా ఇంజినీర్ పోస్టుకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చిండు. అయిపోయినంక ప్రశ్నలన్నీ చెప్పిండు, నేను నోట్‌బుక్‌ల రాసుకున్న.

ఒకటి: స్పార్క్ జాబ్‌ల అన్ని టాస్కులు అయిపోయి ఒక్కటే గంటలకొద్దీ నడుస్తుంది, ఎందుకు? మేడారం జాతరకు పది బస్సు కౌంటర్లు పెట్టి జనాన్నంతా ఒక్క లైన్ల నిలబెడితే ఏమైతది? అదే ఇది. దీన్ని డేటా స్క్యూ అంటరు. ఒకే కీ మీద రికార్డులు కుప్పపడితే ఆ కీకి నంబర్లు తగిలించి విడగొట్టాలె. రెండో టేబుల్ చిన్నదైతే బ్రాడ్‌కాస్ట్ జాయిన్ చేయాలె.

రెండు: సగంల ఆగిన జాబ్‌ను మళ్లీ నడిపితే రికార్డులు డబుల్ పడకుండా ఎట్ల? ఆ రోజు పార్టిషన్ మొత్తం తిరిగి రాయాలె, లేకుంటే కీ చూసి మెర్జ్ చేయాలె.

మూడు: ఒకే మనిషి పేరు రెండు టేబుళ్లల్ల రెండు తీర్ల ఉంటే ఎట్ల కలుపుతరు? అన్నకు నవ్వొచ్చిందట. ఆధార్‌ల బానోత్, మెమోల బానోతు అని పడి స్కాలర్‌షిప్ ఆగినోళ్లం మనమే గదా! పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊరు కలిపి చూడాలె, అనుమానం ఉన్నవి మనిషితోని చెక్ చేయించాలె అని చెప్పిండు.

ఇండ్ల మన బుర్రకు అందనిది ఏముంది?

ఉద్యోగం మాత్రం రాలే. టెక్నికల్ బాగుంది, "కమ్యూనికేషన్" తక్కువ అన్నరట. అన్న ఆశ్రమ పాఠశాల, తెలుగు మీడియం. సీనియర్ పోస్టుల పది మందికి వివరించుడు అవసరమే, ఒప్పుకుంటా. కానీ ఏది తక్కువైందో చెప్పాలె గదా? చెప్తే నేర్చుకుంటం. చెప్పకుంటే అది తలుపు మూసుడే.

2005ల 93వ రాజ్యాంగ సవరణతోని రిజర్వేషన్ దారి ప్రైవేటు కాలేజీ సీటుదాకా వచ్చింది. ప్రైవేటు ఉద్యోగం దాకా రాలే. అది రావాలని అడుగుదాం, కొట్లాడుదాం. కానీ అందాక మన చేతిల ఉన్నది ఆ గంట ఇంటర్వ్యూనే. ఇంజినీర్ల పిల్లలకు ఈ ప్రశ్నలు ఇంట్ల అన్నం తినుకుంట తెలుస్తయి. మా నాయినకు తెలిసిన ఇంటర్వ్యూ అంటే ఎమ్మార్వో ఆఫీసు ముందు సంతకం కోసం నిలబడుడే.

మరి మనకు చెప్పాల్సింది ఎవరు? జాబ్ వచ్చిన రోజు బొకేతోని ఫొటో పెట్టే సీనియర్లు, అంతకుముందు ఫెయిలైన ఇంటర్వ్యూల గురించి ఒక్క ముక్క రాయరు. ఈ అన్న కూడా "ఫెయిలైనోని మాట ఎవరింటరు, పెట్టకు" అన్నడు. పేరు రాయనని ఒప్పించి పెడుతున్న.

అన్నలారా, అక్కలారా, వచ్చినా రాకున్నా మీరు చూసిన ప్రశ్నలు కింద రాయండి. "మనకు రాదు" అనే మాట ఒక్కటి ఆపండి. నా నోట్‌బుక్‌ల ఇంకా చాన పేజీలు ఖాళీగున్నయి.