కొల్లూరు కూలికి బాట యేది?

2023వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన సైకిలు బాట యొకటి ప్రారంభమైనది. నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ వఱకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుండి కొల్లూరు వఱకు పదునాలుగున్నర కిలోమీటర్లు, వెరసి 23 కిలోమీటర్లు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పొడుగునను పైకప్పు, ఆ కప్పుమీద సూర్యరశ్మి నుండి 16 మెగావాట్ల విద్యుత్తును దీయు పలకలు. దక్షిణ కొరియాలో డేజాన్, సేజోంగ్ నగరముల నడుమ నున్న బాటను జూచి దీనిని దలపెట్టిరట. మంచిదే. వేసవిలో నలుబది డిగ్రీలు దాటి మాడు ఈ నేలమీద సైకిలువానికి నీడ గల్పించినవారిని నిందించుట మా యుద్దేశము గాదు. మా ప్రశ్న వేఱు. సోమవారమునాడు తెల్లవారుజామున ఆ బాటమీద పనికి బోవువా డెవడు?

ఆ బాటకు పెట్టిన పేరులోనే గుట్టున్నది: హెల్త్‌వే. ఆరోగ్యమార్గ మన్నమాట. ఆదివారమునాడు వేకువను కారువెనుక సైకిలు గట్టుకొని వచ్చి, రెండు గంటలు త్రొక్కి, మరల దానిని కారువెనుకనే గట్టుకొని యింటికి బోవువారికి అది చక్కగా సరిపోయినది. వ్యాయామము పాపము గాదు; వారిని మేము దూషింపము. కాని సైకి లనునది ఈ దేశమున మొదటినుండి కూలివాని వాహనము, పాలవాని వాహనము, బడిపిల్లవాని వాహనము. వాని పేరు చెప్పి వేయు బాట వాని పనిచోటికి బోకున్నచో దానిని ఉద్యానవన మనవలెను గాని మార్గ మనరాదు.

కొల్లూరు సంగతియే చూతము. 2023 జూన్ 22వ తేదీన అచ్చట 15,660 రెండు పడకగదుల ఇండ్లను ప్రభుత్వము ప్రారంభించినది. నగరములోని బీదలకు పక్కాయిండ్లు దొరకుట చిన్న విషయము గాదు. కాని యిల్లు కొల్లూరునకు బోయినది, పని నగరములోనే నిలిచినది. 1998లో సైబర్ టవర్స్ తెఱచినది మొదలు మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, కొండాపురములలో లేచిన అద్దాల మేడలను తెల్లవారక మునుపే ఊడ్చువారు, రాత్రియంతయు కాచువారు, వాని వంటశాలలలో పొయ్యి రగిలించువారు ఇట్టి యిండ్లవారే గదా. వీరు పనికి బోవు వేళకు బస్సు లుండవు; ఉన్నను రెండు మూడు మాఱవలెను. సైకిలు బాట కొల్లూరు చెంతనే మొదలగుచున్నదే యందురేమో. మొదలగుచున్నది, కాని అది వలయ రహదారి నంటుకొని కోకాపేట మీదుగ నార్సింగికి, అచ్చటినుండి నానక్‌రాంగూడకు చుట్టి వచ్చును. వింటి కోల వంపున బోవునే గాని నారివలె తిన్నగ బోదు. నానక్‌రాంగూడ దాటిన పిమ్మట నిక ఆ కప్పును లేదు, ఆ రక్షణయు లేదు. లారీల నడుమ, బస్సుల నడుమ ఎవని ప్రాణము వానిది.

కావలసినది ఊరిచుట్టు తిరుగు బాట గాదు, ఊరిలోనికి వచ్చు బాట. కొల్లూరు నుండి తెల్లాపూరు, నల్లగండ్ల మీదుగ గచ్చిబౌలికి. పటాన్‌చెఱువు నుండి రామచంద్రాపురము, లింగంపల్లి, కొండాపురముల మీదుగ హైటెక్ సిటీకి. శంకరపల్లి నుండి కోకాపేటకు. ఇవి లింగంపల్లి, హైటెక్ సిటీ రైలు స్టేషనులను, 2019 నవంబరులో మెట్రో చేరిన రాయదుర్గమును తాకవలెను. అచ్చట సైకిలు పెట్టి తాళము వేసి పోవుటకు కావలి గల స్టాండు లుండవలెను. ఇంతకన్న మేము కోరునది లేదు.

దీనికి వచ్చు ఆక్షేపణలు మాకు తెలియనివి గావు. "ఆ రోడ్లమీద సైకిళ్ళెక్కడ నున్నవి? ఎవరికొరకు వేయుదుము?" అని మొదటి మాట. చెఱువుకట్ట తెగి నీరు పోయిన తరువాత, ఆయకట్టు బీడువడి యున్నది గావున ఈ పొలములకు నీ రక్కఱలేదని యొక అధికారి వ్రాసినచో రైతు ఏమనును? సైకిలువాడు ఆ రోడ్లను తనంతట విడువలేదు, తఱుమబడినాడు. 2020 సెప్టెంబరులో దుర్గం చెఱువుమీద తీగల వంతెన, 2022 నవంబరులో శిల్పా లేఅవుట్ వంతెన, 2023 జనవరి 1న కొత్తగూడ వంతెన తెఱచిరి. ఇవి కట్టునపుడు "కారులు తగ్గినచో నేమగును?" అని యెవరైన నడిగిరా?

బీదవాడును ఇపుడు స్కూటరు కొనుచున్నాడు గదా యనునది రెండవ మాట. కొనుచున్నాడు, వాయిదాలమీద. జీతములో పెట్రోలునకు ముందు దీసి యుంచి మిగిలినదానితో పిల్లల ఫీజు కట్టుచున్నాడు. ఆ పెట్రోలునకు ముడిచమురు నూటికి ఎనుబది యైదు పాళ్ళకు మించి పరదేశముల నుండియే వచ్చుచున్నది. స్వావలంబనము గుఱించి ఉపన్యసించువారు ఈ లెక్కను వేదికమీద నేల చెప్పరో మాకు తెలియదు.

స్థలము లేదను మూడవ మాటకు విస్తరించి జవాబీయ నక్కఱలేదు. కేంద్రప్రభుత్వపు నగర రవాణావిధానము 2006లోనే నడచువారికిని, సైకిలువారికిని వీధిలో పాలీయవలెనన్నది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు సైకిలు బాట కొలతలను పుస్తకముగ నచ్చువేసి యిచ్చిరి. స్థల మున్నది, అది నిలిపియుంచిన కారుల క్రింద నున్నది.

వకీలు వృత్తిలో మేము చూచిన దొకటి చెప్పక తప్పదు. మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో మా కక్షిదారు డొకడు రాత్రి కావలి ముగించుకొని సైకిలుమీద ఇంటికి బోవుచుండగా కారు తగిలి కాలు పోగొట్టుకొన్నవాడు. బీమా కంపెనీ వకీలు క్రాసు పరీక్షలో వానిని "అంత వేగముగ వాహనములు పోవు మార్గమున సైకిలు నీవేల త్రొక్కినావు?" అని యడిగెను. వాడు కొంతసేపు నేల చూచి, "ఇంకొక తోవ లేదు సారూ" అనెను. అది వ్రాతకోతలలో ఒక పంక్తి. పరిహారము తరువాత వచ్చినది, కొంత కోతతో. 2022లో దేశమంతట రోడ్లమీద మరణించినవారు 1,68,491 మందియని కేంద్రప్రభుత్వమే ప్రకటించెను. అందు సైకిలు త్రొక్కుచు పోయినవారు నాలుగువేలకు మించినారు. ఈ నాలుగువేల మందిని కూడ ఎవరో యొకరు ఆ ప్రశ్నయే యడిగియుందురు.

ధర్మశాస్త్రము సంగతి. 1986లో హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రమునకును ఉమేద్ రాం శర్మకును నడచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు, కొండపల్లెలలో వసించు బీదలకు దారి యనునది రాజ్యాంగము 21వ అధికరణము క్రింది జీవితహక్కులో భాగమని తేల్చిరి. కొల్లూరు కొండ గాదు, నిజమే. కాని దారిలేక పని కోలుపోవువానికి కొండయేమి, కాంక్రీటేమి?

ఇచ్చట సైకిలు పక్షమువారికి కూడ ఒక హెచ్చరిక. 1934లో లండను చెంత వెస్టర్న్ ఎవెన్యూమీద ప్రత్యేకపు బాట వేసినపుడు ఆ దేశపు సైకిలు సంఘమువారే యెదురుతిరిగిరి. బాట నిచ్చి రోడ్డునుండి వెళ్ళగొట్టుదురని వారి భయము. భయము ఉత్తది గాదు. బాట వేయవలెను, వేసినంత మాత్రమున మిగిలిన రోడ్లమీద సైకిలువాని హక్కు పోయినదని యే ఉత్తర్వును పుట్టరాదు. డెన్మార్కువారు 2012లో కోపెన్‌హేగను నుండి ఆల్బర్ట్స్‌లుండు అను శివారు పట్టణమునకు తమ మొదటి సైకిలు రాజమార్గమును తెఱచిరి. దూరమునుండి పనికి వచ్చువాని కొఱకే, పలు పురపాలక సంఘములు కలిసి. మనమో, కొరియా నుండి కప్పును దెచ్చుకొంటిమి. పనివానిని తలచుట మఱచితిమి.

2011లో సకలజనుల సమ్మె నాడు ఆర్టీసీ బస్సులు నిలిచిపోయినపుడు మా స్వచ్ఛంద సేవకులము కరపత్రముల సంచులు హ్యాండిలుకు దగిలించుకొని పేటపేటకు సైకిళ్ళమీదనే తిరిగితిమి. అప్పుడు మాకు త్రోవ చూపినవారు, మంచినీళ్ళిచ్చినవారు, పంక్చరు వేసి డబ్బు పుచ్చుకొననివారు ఈ కూలిజనులే. వారి ఋణ మింకను తీరలేదు.

కావున మహానగరాభివృద్ధి సంస్థవారిని, నగరపాలక సంస్థవారిని మేము కోరునది ఇది. కొల్లూరు, తెల్లాపూరు, నల్లగండ్ల, గచ్చిబౌలి బాటను మొదట జేపట్టుడు. సూర్యపలకలు లేకున్నను సరే, చెట్లనీడయే చాలును; వాహనములు చొరరాని గట్టు మాత్రము తప్పక యుండవలెను. ప్రారంభోత్సవమును ఆదివారమునాడు పెట్టవలదు. సోమవారము వేకువను నాలుగున్నర గంటలకు కొల్లూరు ఇండ్లయొద్ద పెట్టుడు. ఊడ్చుపనికి బోవువారు ముందు, మంత్రిగారు వెనుక.